తోక తడిసిందంటే ఆలస్యం వద్దు

ఎలుకల్ని పట్టడానికి బోను కొనడం మన పెద్దలెరిగిన సంగతి. ఎలుక చుట్టాన్ని పెంచడానికి బోను కొనడం ఈ కాలపు ముచ్చట. హామ్‌స్టరు అనే ఈ చిన్న ప్రాణి ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ వంటి పట్టణాల్లో పెంపుడు జంతువుల దుకాణాలలో దొరుకుతున్నది. పిడికిట్లో ఇమిడే దేహం, నల్లపూసల్లాంటి కళ్ళు, గింజలు కుక్కుకొని ఉబ్బిన బుగ్గలు! చూసిన పిల్లలు కొనిపించకుండా వదలరు. కొన్న వారం పదిరోజులకే అది చనిపోతే, పిల్లలు అన్నం మానేసి ఏడ్చిన యిళ్ళు కూడా నాకు తెలుసు. అలా పిల్ల హామ్‌స్టర్లను పొట్టన పెట్టుకొనే జబ్బుల్లో ముఖ్యమైనది ‘వెట్ టెయిల్’. అంటే తడితోక అన్నమాట.

నేను వైద్యుణ్ణి కాను. మా మేనకోడలు పెంచే హామ్‌స్టరుకు ఈ జబ్బు వచ్చినప్పుడు పశువైద్యుని దగ్గర కూర్చొని తెలుసుకొన్నదీ, ఆ తర్వాత చదివి సరిచూసుకొన్నదీ రాస్తున్నాను.

ముందు దీని పుట్టుక తెలియాలి. సాధారణంగా మనం పెంచే బంగారువన్నె హామ్‌స్టరు స్వస్థలం సిరియా. 1930లో అలెప్పో పట్టణం దగ్గర ఇజ్రాయెల్ అహరోనీ అనే శాస్త్రజ్ఞుడు పొలంలో కలుగు తవ్వించి ఒక తల్లినీ, దాని పిల్లల్నీ పట్టించాడు. వాటిలో బతికి బట్టకట్టిన కొద్దిపాటి వాటి సంతానమే నేడు లోకమంతటా పెంపకంలో వున్నవాటిలో దాదాపు అన్నీ. చల్లని కలుగులో ఒంటరిగా వుండడం, చీకటి పడ్డాక తిరగడం దీని స్వభావం. అలాంటి ప్రాణిని తల్లిపాలు మానగానే విడదీసి, పదింటితో కలిపి కుక్కి, బస్సులో తిప్పి, కొత్త యింట్లో కొత్త తిండి పెడితే ఎలా వుంటుంది? ఆ బెదురులోనే రోగం పైకి లేస్తుంది.

మూడు నుంచి ఎనిమిది వారాల వయసు పిల్లలకు ఇది ఎక్కువ. దీనికి మూలమైన సూక్ష్మక్రిమికి 1995లో లాసోనియా ఇంట్రాసెల్యులారిస్ అని పేరు పెట్టారు. పందిపిల్లలను పీడించే ప్రేగుజబ్బు కూడా దీని పనే. ఈ క్రిమి చిన్నప్రేగు చివరిభాగంలోని కణాల లోపల చేరి, ప్రేగుగోడను దళసరి చేస్తుంది. నీళ్ళవిరేచనాలు మొదలవుతాయి. గుప్పెడు దేహంలో నీరెంత వుంటుంది గనుక! రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

లక్షణాలు ఇవి. తోక చుట్టూ, పొట్ట కింద బొచ్చు తడిసి అట్టకట్టి వుంటుంది, దుర్వాసన వేస్తుంది. తిండి ముట్టదు, చక్రం ఎక్కదు. వీపు గూనిగా పెట్టి మూల నక్కుతుంది, కళ్ళు లోతుకుపోతాయి. ముట్టుకొంటే కరవవచ్చు. ఒక్కొక్కప్పుడు ప్రేగు బయటికి జారుతుంది కూడా. పగలు ఎలాగూ నిద్రపోయే ప్రాణి కాబట్టి “పడుకొంది కాబోలు” అనుకొని ఒక పూట గడిపేస్తాము. అందుకే రోజూ దీపాలు పెట్టే వేళకు, అది లేచే సమయంలో, ఒకసారి తోక వైపు చూడడం అలవాటు చేసుకోవాలి.

అయితే తడి కనిపించినదల్లా ఈ జబ్బు కాదు. ఆడ హామ్‌స్టరుకు నాలుగు రోజులకొకసారి తెల్లని చిక్కటి స్రావం కావడం సహజం. ఆకుకూర ఎక్కువైతే పెంట మెత్తబడుతుంది, కాని జంతువు హుషారుగానే వుంటుంది. తడితో పాటు నీరసం కూడా వుంటే మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. డాక్టరు చర్మం కింద సెలైను ఎక్కించి, బరువు తూచి, ఆ బరువుకు తగిన మోతాదులో మందు యిస్తారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. యింట్లో పిల్లలకు వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ వంటి మందు చుక్క వేద్దామనే ఆలోచన రానీయకండి. పెన్సిలిన్ జాతి మందులూ, క్లిండమైసిన్, ఎరిత్రోమైసిన్ వంటివీ హామ్‌స్టరు ప్రేగులోని మేలుచేసే క్రిములను చంపి, విషం పుట్టించే క్లాస్ట్రిడియం క్రిమికి చోటిస్తాయి. 1970ల చివర అమెరికాలో జాన్ బార్ట్‌లెట్, ఆయన సహచరులు క్లిండమైసిన్ యిచ్చిన హామ్‌స్టర్లు ఎందుకు చస్తున్నాయో పరిశోధించి ఈ క్రిమిని పట్టుకొన్నారు. మనుషులకు అలాంటి మందుల తర్వాత వచ్చే ఒక తీవ్రమైన ప్రేగుజబ్బుకు కారణం అదేనని కూడా అప్పుడే తేలింది. హామ్‌స్టర్లు చచ్చి మనకు నేర్పిన పాఠం అది!

డాక్టరును చేరేలోగా మనం చేయగలిగినవి కొన్ని వున్నాయి. జబ్బుదాన్ని తక్కిన వాటినుంచి వేరు చేయండి. పచ్చి కూరలు, పళ్ళు మానేసి పొడి తిండీ, మంచినీళ్ళూ దగ్గరగా పెట్టండి. చలిగా వుంటే వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి బోనులో ఒక పక్కన వుంచండి. మన వేసవిలో మాత్రం ఇది అక్కరలేదు. స్నానం చేయించకండి. బోను కడిగి ఎండబెట్టండి. ముట్టుకొన్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవడం పిల్లలకు నేర్పండి.

కొనేటప్పుడు సాయంత్రం వేళ వెళ్ళి చూడండి. ఒక బోనులో ఒక్కదానికి తోక తడిసివున్నా, ఆ బోనులోది ఏదీ కొనకండి. తెచ్చాక వారంరోజులు దాన్ని ఎత్తుకోకుండా, అలవాటైన తిండే పెడుతూ, ఒక్కదాన్నే వుంచండి.

మా మేనకోడలి హామ్‌స్టరు జబ్బుపడ్డనాడు యింట్లో పెద్దలొకరు, “డాక్టరు ఫీజు దాని ఖరీదుకంటె ఎక్కువ. మరొకటి కొందాంలే” అన్నారు. “అది మరొకటి కదా!” అన్నది పిల్ల. ఆ మాటకు ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. లక్షణం కనిపించిన సాయంత్రమే తీసుకుపోయాము కాబట్టి అది దక్కింది. ఎంత త్వరపడ్డా దక్కనివీ వున్నాయని డాక్టరు చెప్పారు.

కుక్కలకూ, ఆవులకూ వైద్యం చేసేవారందరికీ ఇంత చిన్న ప్రాణి వైద్యం అలవాటుండదు. కనుక పిల్లలతో దుకాణానికి బయలుదేరే ముందే, హామ్‌స్టర్లను చూసే డాక్టరు మీ వూళ్ళో ఎవరో, ఏ వేళల్లో వుంటారో కనుక్కోండి. బోను కొనడం ఆ తర్వాత.