గోడమీద కాగితం

మహానంది కోనేటి ముందు నిలబడితే కరవన్న మాటే గుర్తురాదు. గుండుసూది వేసినా కనిపించేంత తేట. ఏడాది పొడవునా తగ్గని ఊట. అదే రాయలసీమలో కాస్త నైరుతికి వెళితే... అనంతపురం! జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాగా పేరుమోసిన నేల.

1969లో విన్సెంట్ ఫెర్రర్ వచ్చింది అక్కడికే. ఆయన సొంతూరు స్పెయిన్‌లోని బార్సిలోనా. అప్పటికి ఇండియా కొత్తేం కాదు. 1952లోనే జెసూట్‌గా బొంబాయిలో దిగారు. మన్మాడ్‌లో రైతులచేత బావులు తవ్వించారు. అది కొందరు పెద్దలకు కంటగింపైంది. 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. వేలాది రైతులు ఆయన కోసం బొంబాయి దాకా నడిచారు. చివరికి ఇందిరాగాంధీ జోక్యంతో, కొన్నాళ్లు వెళ్లి మళ్లీ రావచ్చన్నారు. వచ్చారు... మహారాష్ట్రకు కాదు, మన రాష్ట్రానికి!

అనంతపురంలో ఆయన అడుగుపెట్టిన ఇంట్లో గోడమీద ఓ కాగితం ఉందట. 'అద్భుతం కోసం ఎదురుచూడు' అని. ఎదురుచూస్తూ కూర్చునే రకం కాదాయన. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) అలా మొదలైంది. బొంబాయిలో విలేకరిగా ఆయన్ని ఇంటర్వ్యూ చేసిన ఇంగ్లండ్ యువతి అన్నే పెర్రీ కూడా ఉద్యోగం వదిలేసి వచ్చేశారు. 1970లో ఇద్దరికీ పెళ్లయింది. వాళ్లబ్బాయి మోంచో అనంతపురంలోనే పుట్టి పెరిగారు. తెలుగు గడగడా మాట్లాడతారు.

ఆ దారిలోనే తర్వాత ఎందరో స్పెయిన్ నుంచి పిల్లలకు సాయం చేద్దామని వచ్చారు. దిగగానే ఎండ మాడుస్తుంది. ఎండకైనా అలవాటు పడొచ్చుగానీ, చుట్టూ మూగి ప్రశ్నలేసే పిల్లలకు ఏం జవాబు చెప్పాలి? వినపడని పిల్లల బడిలో తెలుగు రాకపోయినా ఫర్వాలేదనుకుంటాం. అక్కడా చిక్కే. స్పెయిన్ సైగలు వేరు, మన సైగలు వేరు. టీచరమ్మ పక్కన కూర్చుని ఒకటో తరగతి పిల్లాడిలా మొదట్నుంచీ నేర్చుకోవాల్సిందే!

ఇక్కడో ఇబ్బందికరమైన మాట కూడా చెప్పుకోవాలి. అమ్మానాన్నలకు దూరమైన పిల్లలకు, నెల్లాళ్లు ముద్దుచేసి వెళ్లిపోయే అక్క ఇంకో ఎడబాటే. ఆమె ఫొటోలు తీసుకుని విమానమెక్కుతుంది. పిల్ల మళ్లీ గేటువైపు చూస్తూ ఉంటుంది. అందుకే పిల్లల్ని ఎత్తుకోవడం కన్నా, రోజూ వాళ్లతో ఉండే ఆయాలకూ టీచర్లకూ ఓ కొత్త పని నేర్పి వెళ్లడం మేలు. ఫిజియోథెరపీలాంటిదైతే నేర్పినవాళ్లు వెళ్లిపోయినా నిలుస్తుంది. ఆర్డీటీలో బరువు మోసేవాళ్లలో చాలామంది ఇక్కడివాళ్లే అంటే ఆశ్చర్యం లేదు.

ఫెర్రర్ 2009 జూన్ 19న కన్నుమూశారు. బత్తలపల్లిలో ఖననం చేశారు. ఆ తర్వాత రెండేళ్లకు అనంతపురంలో ఆర్డీటీ విదేశీ భాషల బడి తెరిచింది. పల్లెల్లోని పేదింటి డిగ్రీ పిల్లలు అందులో స్పానిష్ నేర్చుకున్నారు. బార్సిలోనా నుంచి వచ్చినవాళ్లు తడబడుతుంటే, పక్కన నిలబడి వాళ్ల మాటను తెలుగులో పిల్లలకు చెప్పేది ఇప్పుడు ఇలాంటివాళ్లే.