మెదడు మారిస్తే మిగిలేదెవరు?

గుండె మారుస్తున్నారు. కాలేయం, కిడ్నీలు, ఊపిరితిత్తులు మారుస్తున్నారు. చేతులూ అతికిస్తున్నారు. మరి మెదడు మార్చలేరా? ఇంట్లో పక్షవాతంతోనో, మతిమరుపుతోనో బాధపడే పెద్దవాళ్లుంటే ఈ ప్రశ్న మీకూ ఎప్పుడో వచ్చే ఉంటుంది. ప్రస్తుతానికి ఇది అసాధ్యం. ఒకవేళ రేపు సాధ్యమైనా చేయొచ్చా? అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

దాత ఎవరు? గ్రహీత ఎవరు?

కిడ్నీ మార్పిడిలో ఇచ్చినవారెవరో, పుచ్చుకున్నవారెవరో తేలికగానే చెప్పొచ్చు. మెదడు దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. మన జ్ఞాపకాలు, ఇష్టాయిష్టాలు, మాట తీరు, మమకారాలు అన్నింటికీ ఆధారం సుమారు 1,300-1,400 గ్రాముల బరువుండే ఈ అవయవమే. నాన్నకు అల్జీమర్స్ వచ్చిందని ఇంకొకరి మెదడు పెట్టారనుకోండి. కళ్లు తెరిచేది నాన్న కాదు, నాన్న ఒంట్లో ఇంకెవరో! అంటే దీన్ని మెదడు మార్పిడి అనటం కన్నా ఒళ్లు మార్పిడి అనటమే సబబు.

తలలు తారుమారైన బేతాళ కథ గుర్తుందా? భర్త తల ఉన్నవాడే భర్త అని విక్రమార్కుడు తేల్చేశాడు. వైద్యశాస్త్రం కూడా చాలావరకు ఆయన పక్షమే. కానీ పేచీ అక్కడితో తీరదు. ఒళ్లు మారిన వ్యక్తికి పిల్లలు పుడితే, వారికి వచ్చేవి ఒళ్లు ఇచ్చిన మనిషి జన్యువులే. ఆ దాత తల్లిదండ్రులకు వాళ్లు మనవలవుతారా, కారా?

ఇంతవరకూ జరిగిందేంటి?

1970లో అమెరికా న్యూరోసర్జన్ రాబర్ట్ వైట్ ఒక కోతి తలను మరో కోతి మొండేనికి అమర్చారు. అది చూసింది, విన్నది, కొరకబోయింది కూడా. మెడ కింది భాగం మాత్రం కదల్లేదు. కొద్దిరోజుల్లోనే చనిపోయింది. మనిషి తలను మార్చొచ్చని ఇటలీ సర్జన్ సెర్జియో కనవెరో 2013లో ప్రకటించటంతో చర్చ మళ్లీ మొదలైంది. కండరాలు క్షీణించే జబ్బుతో బాధపడుతున్న రష్యా యువకుడు ఒకరు ముందుకొచ్చి, తర్వాత విరమించుకున్నారు. 2017లో మృతదేహాల మీద ఈ శస్త్రచికిత్స చేసినట్టు కనవెరో ప్రకటించారు. బతికున్న మనిషికి ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

కారణం వెన్నుపాము. తెగిన రక్తనాళాలను కుట్టొచ్చు. తెగిన వెన్నుపామును మళ్లీ పనిచేసేలా అతికించే దారి ఇంకా లేదు. తల కాకుండా మెదడునే మార్చాలంటే చూపు, వినికిడి, వాసన నాడులనూ తెంచి కలపాల్సి ఉంటుంది. ఇది మరింత కష్టం.

ఒక్కరికా? ఎనిమిది మందికా?

జీవన్మృతి చెందిన ఒక వ్యక్తి అవయవాలతో 8 మంది వరకూ ప్రాణం పోయొచ్చు. అదే మొత్తం దేహాన్ని ఒక్క తలకు ఇస్తే ఆ 8 మందీ ఎదురుచూస్తూ ఉండిపోవాల్సిందే. పైగా ఆ ఒక్కరైనా బతుకుతారన్న భరోసా లేదు.

రోగి ఒప్పుకొన్నా సరిపోదు. 1998లో ఫ్రాన్స్‌లో చేయి మార్పిడి చేయించుకున్న వ్యక్తి, ఆ చేతిని తనదిగా భావించలేకపోయారు. మందులూ మానేశారు. చివరికి 2001లో దాన్ని తీయించేసుకున్నారు. చేయి అయితే తీసేయొచ్చు. ఒళ్లే తనది కాదనిపిస్తే?

మీరు గుర్తుంచుకోవాల్సినవి

* ఐసీయూ బయట ‘మెదడు మార్చయినా బతికించండి’ అని వేడుకునేవారుంటారు. బ్రెయిన్‌డెడ్, కోమా ఒకటి కాదు. కోమా నుంచి కొందరు కోలుకుంటారు. బ్రెయిన్‌డెడ్ అంటే మరణమే. అవయవదానానికి ముందు నలుగురు వైద్యుల బృందం, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి దీన్ని ధ్రువీకరించాలని మన చట్టం చెబుతోంది. సందేహముంటే వైద్యులను అడగండి. అది మీ హక్కు.

* మూలకణాలతో మెదడును బాగుచేస్తామంటూ లక్షలు అడిగేవారిని నమ్మొద్దు. ఎముకమజ్జ మార్పిడి వంటి ఆమోదం పొందిన చికిత్సలు తప్ప మిగతావన్నీ ఇంకా ప్రయోగ దశలోనివేనని భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు స్పష్టం చేస్తున్నాయి. ప్రయోగమైతే రోగి నుంచి డబ్బు తీసుకోకూడదు.

* అవయవదానం గురించి అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి. ‘జీవన్‌దాన్’లో పేరు నమోదు చేసుకున్నా, చివరికి ఒప్పుకోవాల్సింది కుటుంబసభ్యులే. మీ మనసులో ఏముందో వారికి ముందే తెలిస్తే, ఆ గడియలో నిర్ణయం తీసుకోవటం కాస్త తేలికవుతుంది.