కలప వర్తకుడు ఫ్రెడరిక్ వయర్‌హాసర్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిసిసిపీ నదీతీరమున, ఇల్లినాయి రాష్ట్రమందు, రాక్ ఐలెండు అను పట్టణము కలదు. ఆ మహానదిపై మొట్టమొదటి రైలు వంతెన 1856వ సంవత్సరమున అచ్చటనే నిర్మింపబడెను. ఆ సంవత్సరముననే ఇరువదియొక్క యేండ్ల జర్మను యువకుడొకడు పని వెదకుకొనుచు ఆ పట్టణము చేరెను. అతడే ఫ్రెడరిక్ వయర్‌హాసర్.

ఈతడు 1834లో జర్మనీయందు మెయింజు నగరమునకు సమీపముననున్న ఒక పల్లెలో జన్మించెను. పండ్రెండవ యేటనే తండ్రి గతించుటచే సేద్యపు బరువు మీద పడెను. 1852లో అమెరికాకు వలసవచ్చి, పెన్సిల్వేనియాలో బీరు కాచువారికడ పని నేర్వబూనెను. ఆ వృత్తివారిలో పలువురు తామే త్రాగుబోతులగుట చూచి దానిని విడిచిపెట్టెను.

రాక్ ఐలెండులో ఒక రంపపు మిల్లున పనివాడుగా చేరి, కొలదికాలములోనే కలప అడితికి పెత్తనదారుడయ్యెను. ఇంతలో 1857లో దేశమంతట బ్యాంకులు కూలినవి. మిల్లు యజమానులు దివాలా తీసిరి. ఇల్లినాయి, అయోవా మైదానములు గడ్డిభూములు, చెట్లు అరుదు. రైతునకు ఇల్లు కట్టుకొన కలప కావలెను, కాని చేత రొక్కము లేదు. వయర్‌హాసర్ రైతులకడ పందులను, ఎద్దులను, గ్రుడ్లను పుచ్చుకొని కలప నిచ్చెను. వానినే తెప్పలవారికిచ్చి దుంగలు కొనెను. ఇట్లు నాణెము కనబడని దినములలో వర్తకము నిలువబెట్టుకొని, 1860లో తోడల్లుడైన డెంక్‌మాన్‌తో కలిసి, తాను కొలువు చేసిన ఆ మిల్లునే కొనెను.

ఆ దుంగలు వచ్చు విధము విచిత్రమైనది. ఉత్తరమున విస్కాన్సిన్ రాష్ట్రమందు తెల్ల పైన్ అను సరళవృక్షముల మహారణ్యములుండెను. శీతకాలమున చెట్లు నరికి, చక్రములు లేని బండ్లపై మంచుబాటల మీదుగా ఏటియొడ్డునకు ఈడ్చెడివారు. ప్రతి దుంగ కొసను సుత్తితో కొట్టి యజమాని ముద్ర వేసెడివారు. వసంతమున మంచు కరగి ఏరు పొంగగానే దుంగలన్నియు నీటిలో పడును. మేకుల బూట్లు తొడిగిన పనివారు కదలు దుంగలపై నిలిచి వానిని నడపుదురు. కాలు జారి వాని నడుమ నలిగినవారు పెక్కురు. చిప్పెవా నది మిసిసిపీతో కలియుచోట బీఫ్ స్లూ అను పాయలో వానిని అడ్డగించి, ముద్రలు చూచి వేరుచేసి, తెప్పలు కట్టి దిగువ మిల్లులకు పంపెడివారు.

ఈ వేరుచేయుట పెద్ద తగవులకు మూలమయ్యెను. దుంగలు దిగువకు పోవుటకు ఎగువ మిల్లువారు ఒప్పుకొనరు. 1868లో ఇరుపక్షములు కయ్యమునకు సిద్ధపడినవి. 1870 ప్రాంతమున దిగువ మిల్లువారందరు ఒక సంఘముగా ఏర్పడిరి. 1872లో వయర్‌హాసర్ దానికి అధ్యక్షుడయ్యెను. ఎవరి ముద్రగల దుంగ ఎవరికి వచ్చినను పుచ్చుకొని, కొలతవేసి, లెక్కలలో సరిచేసికొనుట వారి ఏర్పాటు. 1880లో చిప్పెవా నదికి గొప్ప వరద వచ్చి, ఎగువవారి దుంగలు దిగువకు కొట్టుకొనివచ్చినవి. వైరుల సొత్తు చేజిక్కినది! అయినను వయర్‌హాసర్ దానిని అదనుగా గొనక, ఎగువనున్న దుంగలతో న్యాయముగా మారకము చేసికొందమనెను. మరుసటి యేడే నిన్నటి వైరులు భాగస్వాములైరి.

మనుష్యులయెడ చూపిన ఈ న్యాయబుద్ధి అడవికి దక్కలేదు. ఆ అరణ్యభూములు ఒజిబ్వే జాతివారివి. చిప్పెవా యనునది వారికి మరియొక పేరే. 1837లో జరిగిన ఒడంబడికచే అవి ప్రభుత్వపరమయ్యెను. తెల్ల పైన్ తరములకొలది తరుగదని ఆనాటివారు తలంచిరి. నరికినచోట మరల నాటినవారు లేరు. మోడులు, ఎండుకొమ్మలు మిగిలిన నేలపై కార్చిచ్చులు చెలరేగెను. శతాబ్దాంతమునకు ఆ అడవి చాలవరకు ముగిసినది.

ఇది వయర్‌హాసర్ ముందుగనే గ్రహించెను. 1891లో ఆతడు సెయింట్ పాల్ నగరమున కాపురము పెట్టగా, రైలుమార్గాధిపతి జేమ్స్ హిల్ పొరుగువాడయ్యెను. ఆ చెలిమి ఫలించి, 1900 జనవరి 3న పసిఫిక్ తీరపు వాషింగ్టన్ రాష్ట్రమున 9 లక్షల ఎకరముల అడవి, ఎకరమునకు 6 డాలర్ల చొప్పున, ఆతని పక్షమువారి వశమయ్యెను. ఈసారి మిల్లుకడకు అడవి రాలేదు. అడవి కడకు వర్తకుడే పోయెను.

1914 ఏప్రిల్ 4న వయర్‌హాసర్ కాలిఫోర్నియాలో మరణించెను. రాక్ ఐలెండులో సమాధి చేయబడెను. మరుసటి సంవత్సరమున విస్కాన్సిన్ నుండి అయోవాకు సాగిన చివరి కలపతెప్ప ఆ పట్టణము మీదుగానే పోయెను.