మీకు తెలుసా? విదేశీ దుకాణాలకూ షరతులున్నాయి!

● భారత్‌లో విదేశీ ఫర్నిచర్ సంస్థ ఐకియా తొలి దుకాణం హైదరాబాద్‌లోనే, 2018 ఆగస్టు 9న హైటెక్ సిటీ దగ్గర మొదలైంది.

● ఐకియాలా ఒకే బ్రాండు సరుకు అమ్మే సంస్థలో విదేశీ వాటా 51 శాతం దాటితే, కొనుగోళ్లలో 30 శాతం మన దేశంలోనే జరగాలి.

● పలు బ్రాండ్లు అమ్మే దుకాణాల్లో విదేశీ వాటా 51 శాతం మించకూడదు. అదీ రాష్ట్రం ఒప్పుకుంటేనే. 2012లో వచ్చిన నిబంధన ఇది.

● ఇతర దేశాల్లోనూ ఇలాంటి షరతులున్నాయి: 2011లో వాల్‌మార్ట్ దక్షిణాఫ్రికాలోని దుకాణాల సంస్థ మాస్‌మార్ట్‌లో 51 శాతం వాటా కొన్నప్పుడు, స్థానిక సరఫరాదారుల కోసం నిధి పెట్టాలని అక్కడి పోటీ ట్రిబ్యునల్ షరతు విధించింది.

● పంజాగుట్ట సందుల్లో అరకిలో కందిపప్పు, ఒక్క షాంపూ ప్యాకెట్టు కూడా పద్దు రాసుకుని ఇచ్చే కిరాణా కొట్లు నిలవాలంటే, ఇలాంటి షరతులు గట్టిగా అమలు కావాల్సిందే.