గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

డిసెంబరు సెలవుల్లోనో, బడులు మూసేసే జూన్, జూలైల్లోనో ఇండియాలో పెళ్ళి పడిందంటే మన ఇళ్ళల్లో ప్రయాణపు జాబితాలో ఇప్పుడు గోళ్ళు కూడా చేరుతున్నాయి. హైదరాబాదులోనో విజయవాడలోనో పార్లర్‌కు వెళ్ళి కృత్రిమ గోళ్ళు పెట్టించుకుంటారు. సంగీత్ నుంచి రిసెప్షన్ దాకా ప్రతి ఫొటోలో చేతులు మెరిసిపోతాయి. తిరిగొచ్చిన రెండు మూడు వారాలకు అసలు గోరు పెరిగి, పెట్టుడు గోరు అంచు లేవడం మొదలవుతుంది. తల దువ్వుకుంటే వెంట్రుకలు చిక్కుకుంటాయి, పప్పన్నం కలుపుకుంటే గోళ్ళ కింద ఇరుక్కుంటుంది. పెట్టిన పార్లరేమో సముద్రాల అవతల ఉంది. ఇక పీకుడు మొదలు: టీవీ చూస్తూ ఒక గోరు, ఫోన్ మాట్లాడుతూ ఇంకో గోరు.

అసలు గోరుకు దెబ్బ తగిలేది ఎక్కువగా అప్పుడే. ఓపిగ్గా తీస్తే చాలా రకాల కృత్రిమ గోళ్ళు ఇంట్లోనే వచ్చేస్తాయి. అంటించింది ఏమిటో తెలియాలి, దానికి తగ్గ ద్రావకం ఉండాలి, ఒక గంట తీరిక చేసుకోవాలి.

పీకితే ఏమవుతుంది?

గోరంటే కెరటిన్ అనే ప్రొటీన్‌తో ఏర్పడిన పల్చటి పొరల దొంతర. అన్నీ కలిపినా మందం సుమారు అర మిల్లీమీటరు. పట్టు సడలకుండానే బలంగా లాగితే జిగురుతో పాటు పై పొరలు కూడా లేచి వచ్చేస్తాయి. గోరు మీద తెల్లటి గరుకు మచ్చలు పడతాయి, గోరు మెత్తబడి వంగిపోతుంది, వేడినీళ్ళు తగిలితే మండుతుంది. ఊడిన పొరలను ఏ నూనే, ఏ క్రీమూ తిరిగి అతికించలేవు. కొత్త గోరు మొదట్నుంచి పెరిగి రావాల్సిందే. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది కనుక అది పూర్తిగా మారడానికి దాదాపు 6 నెలలు పడుతుంది. కాలి గోరుకైతే ఏడాది పైనే.

అంటించింది ఏమిటి?

ప్రెస్-ఆన్ గోళ్ళు ముందే తయారైన ప్లాస్టిక్ గోళ్ళు. జిగురుతోగానీ, రెండువైపులా అంటుకునే చిన్న స్టిక్కర్లతోగానీ అతికిస్తారు. ఆ జిగురు సయనోయాక్రిలేట్. మనందరికీ తెలిసిన ఫెవిక్విక్ కూడా ఆ కుటుంబానిదే. 1942లో ఈస్ట్‌మన్ కొడాక్ శాస్త్రవేత్త హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురి చూసుకోవడానికి పనికొచ్చే పారదర్శక ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే ఇది తగిలింది. తాకినదానికల్లా అంటుకుపోతోందని అప్పుడు పక్కన పెట్టేశారు. 1958లో అదే గుణం దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. గాలిలో, చర్మం మీద ఉండే కొద్దిపాటి తేమ తగిలితే చాలు, క్షణాల్లో గట్టిపడుతుంది.

అక్రిలిక్ గోళ్ళను పొడి, ద్రవం కలిపి గోటి మీదే మలుస్తారు. ఈ పదార్థం దంతవైద్యుల గదుల నుంచి వచ్చింది. జెల్‌ను లాంప్ కింద గట్టిపరుస్తారు. అందులో రెండు రకాలున్నాయి. సోక్-ఆఫ్ జెల్ ఎసిటోన్‌లో మెత్తబడుతుంది. హార్డ్ జెల్ మెత్తబడదు, దాన్ని అరగదీయాల్సిందే. డిప్ పౌడర్ గోళ్ళలో రంగు పొడిని పట్టి ఉంచేది మళ్ళీ సయనోయాక్రిలేటే.

చూపుకు ఇవన్నీ ఒకేలా ఉంటాయి. కాబట్టి పార్లర్ నుంచి బయటికి వచ్చే ముందే ఏం వాడారో అడిగి, ఆ సీసాలను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. హార్డ్ జెల్ అయితే ఇంట్లో ప్రయత్నించవద్దు. ఎక్కడిదాకా జెల్, ఎక్కణ్ణుంచి అసలు గోరు అన్నది చేయి తిరిగినవాళ్ళకే తెలుస్తుంది.

ప్రెస్-ఆన్ తీయడం

ముందుగా పొడుగు కత్తిరించండి. వెడల్పాటి గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి, కాస్త సబ్బు ద్రవం, నాలుగు చుక్కల కొబ్బరినూనె వేసి వేళ్ళు ముంచండి. నీళ్ళు చల్లారితే మార్చుకుంటూ 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. తర్వాత చెక్కపుల్లను పక్క అంచు కిందికి పోనిచ్చి మెల్లగా అటూ ఇటూ కదపండి. కదలకపోతే మళ్ళీ ముంచండి. స్టిక్కర్లతో అంటించినవి సాధారణంగా దీంతోనే వచ్చేస్తాయి. జిగురుతో అంటించినవి మొండికేస్తే దూదిపుల్లతో అంచు కింద ఎసిటోన్ రాయండి. గోటి మీద మిగిలిన జిగురు మరకను గీకవద్దు. ఎసిటోన్ తడిపిన దూదిని దాని మీద కొన్ని నిమిషాలు ఉంచి తుడిస్తే పోతుంది.

అక్రిలిక్, సోక్-ఆఫ్ జెల్, డిప్ పౌడర్

వీటికి స్వచ్ఛమైన ఎసిటోన్ కావాలి. ఎసిటోన్ లేని రిమూవర్ మామూలు నెయిల్ పాలిష్‌కు సరిపోతుందిగానీ, వీటి మీద పెద్దగా పనిచేయదు. పని మొదలుపెట్టే ముందు ఉంగరాలు తీసేయండి, ముఖ్యంగా ముత్యాలవి. బల్ల మీద పాత తువ్వాలు పరవండి, ఎసిటోన్ తగిలితే వార్నిష్ లేచిపోతుంది. ప్లాస్టిక్ కప్పులు కూడా కరిగిపోవచ్చు కాబట్టి గాజు గిన్నెలోనో స్టీలు గిన్నెలోనో పోసుకోండి.

పొడుగు కత్తిరించి, పైన మెరిసే పొరను గరుకు ఫైల్‌తో మెరుపు పోయేదాకా రుద్దండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఆ పొర ఉన్నంతసేపూ ఎసిటోన్ లోపలికి దిగదు. గోరు చుట్టూ చర్మానికి వాసెలిన్ రాయండి. గోరంత దూది ముక్కను ఎసిటోన్‌లో తడిపి గోటి మీద పెట్టి, వేలి కొసను అల్యూమినియం ఫాయిల్‌తో చుట్టండి. ఒకసారికి ఒక చేయి చేసుకుంటే రెండో చేయి ఖాళీగా ఉంటుంది. జెల్‌కు 10 నుంచి 15 నిమిషాలు, అక్రిలిక్‌కు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది.

ఫాయిల్ తీసి చూస్తే పదార్థం ఉబ్బి, పొరలుపొరలుగా లేచి ఉండాలి. చెక్కపుల్లతో నెడితే జారి రావాలి. గీకాల్సి వస్తోందంటే ఇంకా నానలేదన్నమాట, కొత్త దూదితో మళ్ళీ చుట్టండి. అలా ఒకటి రెండుసార్లు చేసినా అక్రిలిక్ కదలకపోతే అది మిథైల్ మెథాక్రిలేట్ కావచ్చు. గోళ్ళు పాడయ్యాయని, చర్మం వాచిందని ఫిర్యాదులు రావడంతో 1970లలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కోర్టుకెక్కి మరీ నూటికి నూరుపాళ్ళూ అదే ఉన్న ద్రవాలను మార్కెట్ నుంచి తీయించింది. అలాంటి గోరుతో ఇంట్లో కుస్తీ పట్టకుండా సెలూన్‌కు వెళ్ళడం మేలు.

నిప్పు, పసిపిల్లలు

ఎసిటోన్ ఆవిరి మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా నిప్పంటుకోగలదు. అది గాలికన్నా బరువైనది కాబట్టి బల్ల మీదుగా, నేల మీదుగా పాకి దూరంగా ఉన్న మంటను అందుకుంటుంది. దేవుడి గదిలో దీపం, అగరొత్తి, వంటింట్లో గ్యాస్ పొయ్యి వెలుగుతున్నప్పుడు ఈ పని పెట్టుకోవద్దు. కిటికీలు తెరవండి. త్వరగా కరుగుతుందని ఎసిటోన్‌ను పొయ్యి మీదగానీ మైక్రోవేవ్‌లోగానీ వేడి చేయవద్దు.

పేరు చదవకుండా పాత సీసాలు వాడవద్దు. ఒకప్పుడు కృత్రిమ గోళ్ళు తీసే కొన్ని ద్రవాల్లో ఎసిటోనైట్రైల్ ఉండేది. పేరు దగ్గరగా ఉన్నా ఇది వేరే రసాయనం, ఒంట్లోకి వెళ్ళాక సయనైడ్‌గా మారుతుంది. 1980లలో అమెరికాలో అలాంటి ద్రవం మింగి 16 నెలల పసిబిడ్డ చనిపోయింది. ఆ విషం కొన్ని గంటల తర్వాతగానీ బయటపడకపోవచ్చు. 1990లో అక్కడి ప్రభుత్వం ఒక సీసాలో 500 మిల్లీగ్రాములకు మించి ఎసిటోనైట్రైల్ ఉన్న జిగురు రిమూవర్లకు పిల్లలు తెరవలేని మూతలు తప్పనిసరి చేసింది. బిడ్డ ఏ రిమూవర్ మింగినా, హుషారుగా ఆడుకుంటున్నా సరే, వెంటనే ఫోన్ చేయండి. అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222.

జిగురు వేరే చోట పడితే

వేళ్ళు అతుక్కుంటే లాగవద్దు. సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, నూనె రాసి, మెల్లగా దొర్లిస్తున్నట్టు విడదీయండి. గాయం లేని చర్మం మీద కాస్త ఎసిటోన్ వాడవచ్చు. కళ్ళ దగ్గర, పెదవుల దగ్గర ఎప్పుడూ వాడకూడదు.

నూలు బట్ట మీద ఈ జిగురు ఒలికితే చర్య వేగం పుంజుకుని ఒళ్ళు కాలేంత వేడి పుడుతుంది. వెంటనే ఆ చోటును చల్లటి నీళ్ళ ధార కింద 20 నిమిషాలు పెట్టండి. చర్మానికి అతుక్కున్న బట్టను పీకకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

జిగురు సీసా చూడటానికి కంటిచుక్కల సీసాలాగే ఉంటుంది. శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న అమ్మమ్మో తాతయ్యో ఇండియా నుంచి వచ్చి ఉంటే ఈ రెండింటినీ ఒకే అరలో ఉంచకండి. పొరపాటున కంట్లో పడితే రెప్పలను బలవంతంగా తెరవకుండా నీళ్ళతో కడుగుతూ వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

తీసేశాక

చేతులు కడుక్కుని గోళ్ళకు, చుట్టూ చర్మానికి నూనె పట్టించండి. ఎసిటోన్ లాగేసిన జిడ్డు కొంత తిరిగి వస్తుంది. గోళ్ళను పొట్టిగా కత్తిరించుకుని, కొన్ని వారాలు వాటి మానాన వాటిని వదిలేయండి. గోరు ఆకుపచ్చగా కనిపిస్తే అది తరచు తేమలో పెరిగే సూడోమోనాస్ బాక్టీరియా పని. దాని మీద మళ్ళీ రంగు వేసి దాచవద్దు. గోరుచుట్టు లేచినా, గోరు కింది చర్మం నుంచి విడిపోయినా డాక్టరుకు చూపించాలి. మధుమేహం ఉన్నవాళ్ళు అసలు ఆలస్యం చేయకూడదు.

వేలి కొసల్లోగానీ కనురెప్పల మీదగానీ దురద, పొక్కులు వస్తే అది మెథాక్రిలేట్ అలర్జీ కావచ్చు. ఇంట్లో వేసుకునే జెల్ కిట్లతో ఇది వస్తోందని 2018లో బ్రిటిష్ చర్మవైద్యుల సంఘం హెచ్చరించింది. ఒకసారి పట్టుకుంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఈ కుటుంబపు రసాయనాలే పళ్ళ ఫిల్లింగుల్లో, కీళ్ళ మార్పిడికి వాడే సిమెంటులో కూడా ఉంటాయి కాబట్టి అలర్జీ ఉన్నవాళ్ళు దంతవైద్యుడికి, సర్జన్‌కు ముందే చెప్పాలి.

మన సంఘాల్లో డాక్టర్లు, నర్సులు ఎందరో. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్లలోని రోగులను నేరుగా తాకేవారు కృత్రిమ గోళ్ళు పెట్టుకోకూడదని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2002లోనే చెప్పింది. డ్యూటీలో చేరాల్సినవాళ్ళు ఇండియాలోనే, విమానం ఎక్కే ముందే, పెట్టిన చోటే తీయించుకుని రావడం సుఖం. మిగతావాళ్ళు గోళ్ళు పెట్టించుకునే రోజును క్యాలెండర్లో రాసుకున్నప్పుడే, మూడో వారంలో వాటిని తీసే సాయంత్రాన్ని కూడా రాసుకుంటే పీకే పని పడదు.