గుండు లేని తూటా

ఎవరో పెద్దాయన అంత్యక్రియలు టీవీలో చూసి వచ్చాడు వాడు. తొమ్మిదో తరగతి. లాల్‌దర్వాజాలో నేను ట్యూషన్ చెప్పే గది గడపలో చెప్పులు కూడా విప్పకుండానే అడిగాడు: "సార్, పోలీసోళ్ల చేతుల ఉన్నది ఎస్ఎల్ఆరే గద? దాని పేర్లనే సెల్ఫ్ లోడింగ్ అని ఉంది. మల్ల ఒక్కొక్క దెబ్బకు చేత్తోని ఎందుకు గుంజుతున్రు?"

ఆ రోజు ఓమ్ నియమం చెప్పాల్సి ఉంది. చెప్పలేదు. సిటీ ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసుల ప్రధాన కేంద్రం మా పాతబస్తీ పేట్లబుర్జులోనే ఉంది. అక్కడి రైఫిళ్ల సంగతి మాకు తెలియకపోతే ఎలా అనిపించింది.

వాడి చూపు నిశితమైనదే. గౌరవ వందనంగా గాలిలోకి మూడు రౌండ్లు కాల్చేటప్పుడు, ప్రతి రౌండుకీ పోలీసు తుపాకీ పక్కనున్న పిడిని వెనక్కి లాగి వదులుతాడు. తనంతట తాను తూటా నింపుకోవాల్సిన యంత్రం ఆ పూట నింపుకోదు. పాడైపోయి కాదు, దానికి ఆకలి తీరక.

దీనికి జవాబు దీపావళిలో ఉంది. సుతిలీ బాంబులో మందుకు అంత చప్పుడు ఎక్కడిది? చుట్టూ బిగించిన సుతిలి తాడుది. అదే మందు కాస్త తీసి కాగితం మీద పోసి అంటిస్తే భగ్గుమని మండి ఊరుకుంటుంది. (మీరు చెయ్యకండి. చిన్నప్పుడు చేసి కనుబొమలు పోగొట్టుకున్నవాణ్ణి నేను.) కదలకుండా పట్టి ఉంచేది ఉంటేనే మంట పీడనంగా మారుతుంది. తూటా మందు ఈ విషయంలో మరీ పెంకిది. పీడనం పెరిగేకొద్దీ ఇంకా జోరుగా మండుతుంది, జోరుగా మండేకొద్దీ పీడనం ఇంకా పెరుగుతుంది.

తూటాలో ఆ సుతిలి పని చేసేది గుండు. ఎస్ఎల్ఆర్ గుండు బరువు సుమారు 9.5 గ్రాములు. శత్రువును తాకడానికే అది ఉందనుకుంటాం గానీ, తుపాకీ దృష్టిలో అది సీసాకు బిరడా. బిరడా బిగుతుగా ఉండి కదలడానికి మొరాయించబట్టే దాని వెనక పీడనం మూడు వేల వాతావరణాలు దాటుతుంది. బ్యారెల్ మీద ఒకచోట చిన్న రంధ్రం ఉంటుంది. గుండు ఆ రంధ్రాన్ని దాటగానే వెనక నుంచి తరుముకొస్తున్న వాయువు కొంత అందులోకి దూరి, పైనున్న పిస్టన్‌ను ఒక్క తన్ను తంతుంది. తూటా వెనక తలుపులా మూసి ఉన్న బోల్టును మోసే వాహకాన్ని పిస్టన్ వెనక్కి నెడుతుంది. తాళం వీడుతుంది, ఖాళీ షెల్ బయటికి ఎగురుతుంది, స్ప్రింగు బోల్టును మళ్లీ ముందుకు తోస్తుంటే దారిలో కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది.

ఇందులో నాకు నిద్రపట్టనివ్వని ముచ్చట వ్యవధి. గుండు రంధ్రం దాటిన దగ్గర్నుంచి మూతి దాటేదాకా పట్టే కాలం సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ. మూతి దాటిందా, బిరడా ఊడినట్టే. పీడనం కుప్పకూలుతుంది. ఆ కాస్త వ్యవధిలో అందుకున్న తన్నుతోనే మిగతా పనంతా జరగాలి.

వందనానికి వాడే బ్లాంక్ తూటాలో గుండే లేదు. మూతి మడిచిన షెల్, అందులో త్వరగా మండే మందు, అంతే. వాయువుకు ఎదురే లేదు గనక సరాసరి మూతి నుంచి బయటికి పోతుంది. చప్పుడు వస్తుంది, తన్ను రాదు. సైకిల్ పంపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి కొట్టమన్నాను, తీసి కొట్టమన్నాను. పిల్లలకు ఇంక మాటలు అక్కర్లేకపోయింది.

పేలుడు బలాన్ని ఇలా పనికి పెట్టినవాళ్లలో ఇద్దరిని చెప్పుకోవాలి. హైరమ్ మాగ్జిమ్ మస్కెట్ కాల్చి భుజం కమిలించుకున్నాడు, ఆ వెనక్కి కొట్టే దెబ్బతోనే తుపాకీ నింపవచ్చని 1880లలో చేసి చూపాడు. జాన్ బ్రౌనింగ్ 1889లో తుపాకీ పేలినప్పుడు మూతి దగ్గరి రెల్లు పక్కకు వంగడం చూశాడట. వృథాగా పోతున్న ఆ గాలికి పని చెప్పాడు. మాగ్జిమ్‌కు పేరు ఎక్కువ, నా ఓటు మాత్రం బ్రౌనింగ్‌కే. నొప్పి అందరికీ తెలుస్తుంది, గడ్డి వంగడం ఎందరు చూస్తారు? అయితే గుండు లేకపోతే ఇద్దరి దారీ మూసుకుపోతుంది. గుండు లేనప్పుడు వెనక్కి కొట్టే దెబ్బా దాదాపు ఉండదు.

గుండు ఉన్నా మందు చాలకపోతే ఇదే తంటా. అమెరికాలో ఇంట్లో కూర్చుని తూటాలు నింపుకునే వ్యసనపరులు కొందరున్నారు. భుజానికి దెబ్బ తగ్గాలని, ఖర్చు తగ్గాలని మందు తగ్గిస్తారు. చేత్తో బోల్టు లాగే తుపాకీకి అది చెల్లుతుంది. తనంతట నింపుకునేదానికి తగ్గిస్తే తన్ను చాలక బోల్టు సగం దారిలో ఆగిపోతుంది, ఖాళీ షెల్ నోట్లోనే ఇరుక్కుంటుంది. మరీ తగ్గిస్తే గుండే బ్యారెల్‌లో చిక్కుకుంటుంది. అది గమనించకుండా మరోటి కాలిస్తే తుపాకీ పగులుతుంది. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారీ నేరం, కాబట్టి ఈ సరదా మనకు లేదు. లేకపోవడమే మంచిది.

ఎస్ఎల్ఆర్‌కు మూలమైన ఫాల్ రైఫిల్‌ను బెల్జియంలో గీసిన దియుడోనె సేవ్ ఈ తన్నుకు ఒక చిన్న ఉంగరం పెట్టాడు. గ్యాస్ పొయ్యి మీద పాలు పొంగుతుంటే మంట తగ్గించినట్టు, ఉంగరం తిప్పి పిస్టన్‌కు ఎంత వాయువు అందాలో సర్దుకోవచ్చు. దుమ్మూ మసీ పేరుకుంటే ఎక్కువ, శుభ్రంగా ఉంటే తక్కువ. రైఫిల్ మూతి నుంచి గ్రెనేడు ప్రయోగించాల్సి వస్తే పిస్టన్ దారి పూర్తిగా మూసెయ్యవచ్చు, అప్పుడు అదీ చేత్తో లాగే తుపాకీయే. తూటాతో రాజీపడగల ఇలాంటి యంత్రం నాకు ఇంకోటి కనిపించలేదు.

తర్వాతి కథ చిన్నదే. ఈశాపూర్ కర్మాగారం 1960లలో ఎస్ఎల్ఆర్ చేసింది, 1990లలో సైన్యానికి ఇన్సాస్ రైఫిల్ వచ్చింది, పాతవి పోలీసుల చేతికి చేరాయి. 2019లో బిహార్ మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రా అంత్యక్రియల్లో 22 రైఫిళ్లలో ఒక్కటీ పేలలేదు. అది వేరే జబ్బు, అక్కడ చప్పుడు కూడా రాలేదు.

బ్లాంక్‌తోనే తుపాకీ తనంతట నింపుకోవాలంటే ఉపాయం లేకపోలేదు. మూతికి సన్నటి రంధ్రమున్న బిరడా బిగిస్తారు, గుండు చేసే పని అది చేస్తుంది. సైనిక శిక్షణలో వాడతారు. వందనంలో మూతి ఖాళీగానే ఉంచుతారు.

ఈసారి టీవీలో చూసినప్పుడు పొగను వదిలేసి తుపాకీ ఎడమవైపు పిడిని చూడండి. నిజమైన తూటా పేలినప్పుడు ఎస్ఎల్ఆర్‌లో లోపలి బోల్టే కదులుతుంది, ఆ పిడి కదలదు.