కార్యాలయపు కంప్యూటరునకు క్రొత్త వ్యవస్థ: మార్చుటకు ముందు పరీక్షింపుడు

సంతలో ఎద్దును కొనబోవు రైతు దాని పండ్లు చూచును, నడక చూచును, వీలైనచో కాడి కట్టి నాలుగు సాళ్లు దున్నించి చూచును. పైకము చేతులు మారిన పిదప లోపము బయటపడినను ప్రయోజనము లేదని అతనికి తెలియును. పంచాయతీ కార్యాలయములోని కంప్యూటరును ఒక వ్యవస్థనుండి మరియొక వ్యవస్థకు మార్చునప్పుడును ఇట్టి జాగ్రత్తయే అవసరము. ఆ పరీక్ష ఎట్లు జరుపవలెనో పంచాయతీ సభ్యుల కొరకు ఇచ్చట వివరింపదలచినాము.

కంప్యూటరులోని భాగములన్నింటిచేత పని చేయించు మూల కార్యక్రమమునకు ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. అనేక కార్యాలయములలో వాడుకకు వచ్చిన విండోస్ 10 నకు మైక్రోసాఫ్టు సంస్థ 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ మద్దతును ముగించినది. అంతమాత్రమున ఆ కంప్యూటరు ఆగిపోదు. కాని ప్రత్యేక పథకములో చేరిననే తప్ప భద్రతకు సంబంధించిన సవరణలు దానికి అందవు. విండోస్ 11 నకు టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనము మొదలైనవి కావలసియుండుటచేత పాత కంప్యూటర్లు పెక్కు దానికి పనికిరావు.

ఇట్టి కంప్యూటర్లను మూలబెట్టక, లినక్స్ ఆధారముగా గల ఉబుంటు, డెబియన్, లినక్స్ మింట్ వంటి స్వేచ్ఛా వ్యవస్థలతో నడుపుకొనవచ్చును. లినక్స్ మూలభాగమును ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో వెలువరించెను. మన దేశములో సి-డాక్ సంస్థ రూపొందించిన ‘బాస్’ అను వ్యవస్థ 2007లో వెలువడినది. కేరళలోని ప్రభుత్వ పాఠశాలలలో ఉబుంటు ఆధారముగా సిద్ధపరచిన వ్యవస్థ వాడుకలోనున్నది. సాధారణముగా వీనికి లైసెన్సు రుసుము లేదు. వీని మూలలిపిని ఎవరైనను చదువవచ్చును, సవరించుకొనవచ్చును.

అయితే రుసుము లేదను ఒక్క కారణమున తొందరపడరాదు. యంత్రభాగమునకును వ్యవస్థకును నడుమ దుబాసీ వంటి చిన్న కార్యక్రమమొకటి ఉండవలెను. దానినే డ్రైవరు అందురు. లినక్స్‌లో అనేక భాగముల డ్రైవర్లు వ్యవస్థతోడనే వచ్చును. కాని కొన్ని తయారీదారు సంస్థలు తమ సాధనములకు విండోస్ డ్రైవరును మాత్రమే ఇచ్చుచున్నవి. అట్టి సాధనము ఎంత మంచిదైనను క్రొత్త వ్యవస్థలో మూగబోవును.

మొదట కంప్యూటరు శక్తిని చూడవలెను. ప్రాసెసరు 64 బిట్లదై యుండుట మేలు. ఉబుంటు 2017 తరువాత 32 బిట్ల డెస్క్‌టాప్ కంప్యూటర్లకు క్రొత్త ప్రతులను ఇచ్చుట మానినది. లినక్స్ మింట్ నకు కనీసము 2 జి.బి. జ్ఞాపకశక్తి కావలెను, 4 జి.బి. ఉన్నచో పని సాఫీగా సాగును.

రెండవది, కాడి కట్టి చూచుట వంటి పరీక్ష. ఖాళీ పెన్‌డ్రైవులో క్రొత్త వ్యవస్థ ప్రతిని ఎక్కించి, కంప్యూటరును దానినుండియే ప్రారంభింపవచ్చును. అప్పుడు ‘స్థాపించు’ అను మార్గమును ఎన్నుకొనక, ‘ప్రయత్నించి చూడు’ అను మార్గమునే ఎన్నుకొనవలెను. ఇట్లు చేసినచో లోపలి డిస్కులోని పాత వ్యవస్థ చెక్కుచెదరదు. ఆ స్థితిలో తెర, ధ్వని, కెమెరా, వై-ఫై, తెలుగు టైపు అన్నియు పని చేయుచున్నవో లేదో ఒక్కొక్కటిగా చూడవలెను. కొన్ని వై-ఫై భాగములకు ఫర్మ్‌వేర్ అను అదనపు ఫైలు కావలసియుండును. డెబియన్ 2023లో వెలువరించిన 12వ సంచికనుండి అట్టి ఫైళ్లను స్థాపన ప్రతిలోనే చేర్చుచున్నది.

మూడవది ప్రింటరు. హెచ్.పి. ప్రింటర్లు పెక్కింటికి హెచ్.పి.లిప్ అను స్వేచ్ఛా డ్రైవరు కలదు. కాని తయారీదారు సొంత భాషను మాత్రమే గ్రహించు చిన్న లేజరు ప్రింటర్లును గలవు. కావున కంపెనీ పేరు చూచి తృప్తిపడక, పూర్తి మోడలు సంఖ్యను వ్రాసికొని విచారింపవలెను. ఒక ధ్రువపత్రమును నిజముగా అచ్చు తీసి చూచుట అన్నిటికంటె మేలు. స్కానరు, వేలిముద్ర యంత్రములకును ఇదియే విధానము.

నాల్గవది అన్నిటికంటె ముఖ్యమైనది: డిజిటల్ సంతకపు టోకెను. 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్ ప్రారంభమైనది. దాని ద్వారా జరుగు చెల్లింపులకు డిజిటల్ సంతకము ఆధారము. బ్రౌజరులో పుట తెరచుకొన్నంత మాత్రమున పరీక్ష పూర్తియైనట్లు భావింపరాదు. టోకెనును కంప్యూటరు గుర్తించుటయే కాక, దానితో సంతకము పడవలెను. టోకెను డ్రైవరును, సంతకము చేయించు కార్యక్రమమును మీరు ఎన్నుకొన్న లినక్స్ వ్యవస్థకు లభించునో లేదో టోకెను ఇచ్చిన వారిని ముందే అడుగవలెను. వేసవిలో మంచినీటి మోటారు కాలిపోయినదనుకొందము. మెకానిక్కు రాత్రికి రాత్రి బాగుచేసెను. సంతకము పడక అతని బిల్లు నెలల తరబడి నిలిచినచో, మరుసారి పిలిచినప్పుడు అతడు వచ్చునా? దప్పికతో బిందెలు పట్టుకొని నిలుచు వారికి డ్రైవరు సంగతి చెప్పి సమాధానపరచలేము.

ఈ పరీక్షలలో ఏదియైన విఫలమైనచో నిరాశపడనక్కరలేదు. టోకెను పనికి ఒక కంప్యూటరును మద్దతుగల విండోస్‌తో ఉంచి, తక్కినవానిని మార్చుకొనవచ్చును. లేదా అన్నియు సరిపడువరకు మార్పును వాయిదా వేయవచ్చును. మార్చుటకే నిశ్చయించినచో, దస్త్రములన్నింటిని ముందుగా వేరొక డిస్కులోనికి నకలు తీసి, ఆ నకలు తెరచుకొనుచున్నదో లేదో చూడవలెను. స్థాపనలో పొరపాటున డిస్కు తుడుచుకొనిపోయినచో ఇంటిపన్నుల లెక్కలు తిరిగి రావు.

పంచాయతీ సమావేశమున ఒక కాగితముపై సాధనముల పేర్లు వరుసగా వ్రాసి, పని చేసినవి ఇవి, చేయనివి ఇవి అని ఎదుట గుర్తింపుడు. దానిని చదివి వినిపించిన పిమ్మటనే తీర్మానము చేయుడు. ఒక పూట ఓపికతో జరిపిన పరీక్ష గ్రామ ధనమును కాపాడును, గ్రామ సేవకు అంతరాయము కలుగనీయదు.